చెప్పడం, అడగడం, పెట్టడం

చిన్నప్పుడు మనలో చాలామందికి < గుర్తుని మొసలి నోరు అని నేర్పారు. పెద్ద నంబర్ ఎటుంటే అటు నోరు తెరుస్తుంది. గుర్తు పెట్టుకోవడానికి బానే ఉంటుంది కానీ, కోడ్ రాసేటప్పుడు ఆ మొసలి ఒక్కటే సరిపోదు.

లెక్కల్లో 3 < 5 అనేది ఒక మాట. అది నిజమని చెప్తున్నాం, అంతే. సి లాంగ్వేజ్‌లో అదే 3 < 5 ఒక ప్రశ్న. అవునైతే జవాబు 1, కాకపోతే 0. ఇప్పుడు మార్కులు 0 నుంచి 100 లోపు ఉన్నాయో లేదో చూడటానికి, నోట్‌బుక్‌లో రాసినట్టే సి లో 0 <= మార్కులు <= 100 అని రాశారనుకోండి. మార్కులు 450. కంపైలర్‌కి ఎడమవైపు ముందు: 0 <= 450 నిజం, జవాబు 1. ఇక మిగిలింది 1 <= 100. అదీ నిజమే! పోనీ మార్కులు -20 అయితే? మొదటి జవాబు 0, తర్వాత 0 <= 100, మళ్ళీ నిజమే. గేటు దగ్గర నిద్రపోయే వాచ్‌మన్ లాగ ఆ కండిషన్ ఎవరినీ ఆపదు. దాన్ని రెండు ప్రశ్నలుగా విడగొట్టి మధ్యలో && పెట్టాలి. పైథాన్ మాత్రం లెక్కల్లో లాగే రాసినా సరిగ్గా అర్థం చేసుకుంటుంది.

= సంగతి ఇంకా తమాషా. "ఈజ్ ఈక్వల్ టు" అని మాటిమాటికీ రాయలేక, రాబర్ట్ రికార్డ్ 1557లో తన పుస్తకంలో రెండు సమాంతర గీతలు పెట్టాడు. వాటికన్నా సమానమైనవి ఇంకేముంటాయి అని ఆయన వాదన. సి లో ఆ గీతలకి సమానం అనే అర్థమే లేదు. కుడివైపు విలువని తీసుకెళ్ళి ఎడమవైపు డబ్బాలో పెట్టమనే ఆర్డర్ అది. అందుకే కౌంట్ = కౌంట్ + 1 లెక్కల మాస్టారికి పచ్చి అబద్ధం, మనకి రోజూ రాసే లైను. సమానమా అని అడగాలంటే == రాయాలి.

ఒక్క గీతల జత తగ్గితే ఏమవుతుంది? 2003 నవంబరులో లినక్స్ కెర్నల్ కోడ్ కాపీ ఒకదాంట్లోకి ఎవరో రెండు లైన్లు దొంగతనంగా చొప్పించారు. పైపైన చూస్తే "యూజర్ నంబర్ 0 ఆ?" అని అడుగుతున్నట్టే ఉంటుంది. లినక్స్‌లో నంబర్ 0 అంటే రూట్, మెషిన్ మొత్తానికి యజమాని. కానీ అక్కడున్నది ==కాదు, =. అడగదు, పెట్టేస్తుంది. కిటుకు తెలిసి ఆ లైను దాకా వచ్చినవాడు రూట్ అయిపోతాడు. పైగా పెట్టిన విలువ 0 కాబట్టి కండిషన్ అబద్ధమవుతుంది, ఎర్రర్ కూడా రాదు. అసలు కోడ్ చరిత్రలో ఆ మార్పుకి రికార్డ్ లేకపోవడంతో దొరికిపోయింది.

వార్నింగ్‌లు ఆన్ చేసుకుంటే, ఇఫ్‌లో ఒంటరి = కనిపించగానే జీసీసీ హెచ్చరిస్తుంది. చుట్టూ అదనంగా బ్రాకెట్లు ఉంటే మాత్రం, కావాలనే రాశారనుకుని ఊరుకుంటుంది. ఆ లినక్స్ లైనులో బ్రాకెట్లు ఉన్నాయి.