షోయబుల్లాఖాన్: నేలపై ప్రేమ, మనస్సాక్షికి విధేయత

పోటీ పరీక్షల ప్రత్యేకం | తెలంగాణ చరిత్ర

హైదరాబాద్ ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ పాలన చివరి రోజుల్లో, నిజాంకు మద్దతుగా నిలిచిన సాయుధ దళమైన రజాకార్లు పల్లెలపై దాడులు చేశారు. పాలకుడి మతానికే చెందిన పాత్రికేయుడు షోయబుల్లాఖాన్ ముందు రెండు దారులున్నాయి: పాలకుడి పక్షమా, ప్రజల పక్షమా? ఆయన ప్రజల వైపే నిలిచారు.

ముఖ్యాంశాలు
• జననం: 1920.
• పత్రిక: 'ఇమ్రోజ్' (ఉర్దూ దినపత్రిక). అంతకుముందు మందుముల నర్సింగరావు పత్రిక 'రయ్యత్'లో పనిచేశారు.
• వైఖరి: హైదరాబాద్ సంస్థానం భారత్‌లో విలీనం కావాలి.
• బెదిరింపు: 1948 ఆగస్టులో అబిడ్స్‌ జమ్రుద్ మహల్ సభలో, తమను వ్యతిరేకించే చేతులు నరుకుతామన్న రజాకార్ల నాయకుడు కాశిం రజ్వీ.
• హత్య: ఆగస్టు 21 రాత్రి కాచిగూడ ప్రాంతంలో దాడి, చేయి నరికివేత, 22న మరణం.
• ఆపరేషన్ పోలో (హైదరాబాద్‌ విలీనానికి భారత సైనిక చర్య): 1948 సెప్టెంబరు 13–17.

గుర్తుంచుకోండి: రజాకార్ల బైరాన్‌పల్లి మారణకాండ 1948 ఆగస్టు 27న జరిగింది. ఆపరేషన్ పోలో ముగిసిన తేదీకి గుర్తుగా 2022 సెప్టెంబరు 17న తెలంగాణ రాష్ట్ర ప్రభుత్వం సమైక్యతా దినోత్సవాన్ని నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లో నిర్వహించింది.

మాదిరి ప్రశ్న: 'ఇమ్రోజ్' సంపాదకుడెవరు?
జవాబు: షోయబుల్లాఖాన్.

మెయిన్స్‌కు: నాటి పోరును రెండు మతాల కలహంగా రాయకండి, ఆయన త్యాగమే అందుకు బలమైన సాక్ష్యం.