కుంగిన రైతుకు మన ఆసరా



1997-98లో వరంగల్ ప్రాంతంలో పత్తి చేలను పురుగు తినేసింది. ఎన్నిసార్లు మందు కొట్టినా అది లొంగలేదు. చాలామందికి విత్తనం, ఎరువు, పురుగుమందు అప్పుగా ఇచ్చిన వ్యాపారే పంటనూ కొనేవాడు. పంట పోయింది, అప్పు మిగిలింది. ఆ ఏడాది అనేకమంది రైతులు ప్రాణాలు తీసుకున్నారు. నేటికీ ఆ బాధ తీరలేదు. పట్టా తన పేర లేని కౌలు రైతుకు బ్యాంకు అప్పు దొరకడం కష్టం కాబట్టి, వడ్డీ వ్యాపారి గడపే ఆయనకు దిక్కవుతోంది.

అప్పు మొత్తం మనం తీర్చలేకపోవచ్చు. కాని ఆ బరువును ఆయన ఒంటరిగా మోయకుండా చూడగలం. అందుకు మూడు పనులు చేయాలి.

1. గమనించడం: నిద్ర, తిండి తగ్గడం, పొలం వైపు వెళ్ళకపోవడం, తాగుడు పెరగడం, ఆదివారం పూజకు రాకుండా ముఖం చాటేయడం, "నేను లేకపోతేనే మీకు నయం" అనడం, ఇంట్లోవాళ్ళకు అప్పగింతలు చెప్పడం. వీటిని తేలిగ్గా తీసుకోరాదు.

2. అడగడం: "అంత అప్పు ఎందుకు చేశావు?" అనే ప్రశ్న గాయంపై కారం చల్లినట్టే. పక్కన కూర్చుని, "అన్నా, మనసు ఎలా ఉంది?" అనండి. అనుమానం కలిగితే, "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడగండి. అలా అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. ఆయన చెప్పేది మధ్యలో ఆపకుండా వినండి.

3. తోడుండడం: పురుగుమందు డబ్బాలను ఆయనకు అందకుండా వేరేచోట తాళం వేసి ఉంచండి. ఆయనను ఒంటరిగా వదలకండి. 14416కు ఫోను చేయండి. 2022లో మొదలైన ఈ టెలీ మానస్ సేవ ఉచితం, రాత్రీపగలూ తెలుగులో మాట్లాడతారు. అఘాయిత్యం జరిగితే క్షణం ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళండి. పోలీసు కేసవుతుందని దాచవద్దు. అలాంటి వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం భావిస్తుంది.

మనసు కాస్త కుదుటపడ్డాక, చదువుకున్న పిల్లలెవరైనా ఆయనతో కూర్చుని ఎవరికెంత బాకీయో కాగితంపై రాయాలి. ప్రకృతి వైపరీత్యం వల్ల పంట నష్టపోయినట్టు ప్రభుత్వం ప్రకటిస్తే, పంట రుణం గడువు పెంచి వాయిదాలుగా మార్చే వీలు రిజర్వు బ్యాంకు నిబంధనల్లో ఉంది. ఆ సంగతి అడగడానికి బ్యాంకుకు ఆయన వెంట ఒకరు వెళ్ళాలి.

ఇంటి ఇల్లాలిని మరువరాదు. భర్త దిగులు, అప్పులవాళ్ళ మాటలు, పిల్లల ఆకలి అన్నీ ఆమె మీదే పడతాయి. ఆమెతో మాట్లాడేందుకు విచారణలోని స్త్రీలు ఇద్దరు వెళ్ళాలి.

కుటుంబంలో చర్చించుకోండి:
- మన వీధిలో ఈ ఏడాది పంట పోయిన ఇల్లు ఏది?
- ఈ వారం ఆ ఇంటికి మనలో ఎవరు వెళతారు?
- పెళ్ళిళ్ళలో మన ఆడంబరం చూసి, పేద రైతు తలకు మించి అప్పు చేస్తున్నాడా?