గర్భిణులకు మధుమేహము: మందునుగూర్చిన భయములు

గర్భము ధరించిన స్త్రీ మందు పుచ్చుకొనుటకు సంకోచించుట సహజము. తాను మ్రింగినది కడుపులోని శిశువునకు చేరునేమోయని ఆమె బెంగ. అందువలననే, రక్తములో చక్కెర హెచ్చినది, ఇన్సులిన్ వేసుకొనవలెనని వైద్యులు చెప్పినప్పుడు కొందరు తల్లులు మందుసీసాను ప్రక్కనబెట్టి, అన్నము తగ్గించుకొని దినములు గడుపుదురు. బిడ్డమీది ప్రేమచేత చేయు ఈ పని బిడ్డకే చేటు తెచ్చుచున్నది.

ఇన్సులిన్ క్లోమగ్రంథి తయారుచేయు రసము. రక్తములోని చక్కెరను దేహము వినియోగించుకొనుటకు అది తోడ్పడును. గర్భము పెరిగినకొలది మావినుండి వెలువడు స్రావములు దాని పనిని అడ్డగించును. అంతకంతకు ఎక్కువ ఇన్సులిన్‌ను క్లోమము తయారుచేయజాలనిచో మధుమేహము కనబడును. సీమంతమునాడు తిన్న చలిమిడివలన ఇది రాలేదు. ఇందుకు కోడలిని నిందించు అత్తగారు ఈ సంగతి గ్రహింపవలెను.

తల్లి రక్తములోని చక్కెర మావిని దాటి శిశువునకు చేరును. సూదిమందుగా వేసుకొనిన ఇన్సులిన్ చెప్పదగినంతగా దాటదు. ఈ భేదమును గుర్తించినచో భయము చాలవరకు తీరును. అధికముగా వచ్చిపడిన చక్కెరను సరిపెట్టుటకు శిశువు క్లోమము మితిమీరి పనిచేయును. శిశువు క్రొవ్వుపట్టి పెద్దదగును, ప్రసవము కష్టమగును. బొడ్డు కోసినతోడనే తల్లినుండి చక్కెర రాక ఆగిపోవును గాని, బిడ్డ దేహమున ఇన్సులిన్ మిగిలియే యుండును. అప్పుడు బిడ్డకు చక్కెర ప్రమాదకరముగా పడిపోవచ్చును. తల్లి మందు మానినచో ఆమె మోయవలసిన భారము ఇంకను పుట్టని బిడ్డమీద పడుచున్నది.

చికిత్సవలన మేలు కలుగునా యని వేయిమంది గర్భిణులలో పరిశీలించి, ఆస్ట్రేలియా వైద్యులు 2005లో ఫలితములను ప్రకటించిరి. శిశువులకు తీవ్రమైన హాని, మామూలు సంరక్షణ పొందినవారిలో నూటికి 4, ఆహారనియమముతోను అవసరమైనచో ఇన్సులిన్‌తోను చికిత్స పొందినవారిలో నూటికి 1 మాత్రమే యుండెను.

భారత ప్రభుత్వ ఆరోగ్యశాఖ 2018 నాటి నియమావళి ప్రకారము, గర్భిణి తొలిసారి వచ్చినప్పుడే 75 గ్రాముల గ్లూకోజు నీటిలో కలిపి త్రాగించి, రెండు గంటల పిమ్మట రక్తము పరీక్షింతురు. పరగడుపున పోనక్కరలేదు. చక్కెర డెసిలీటరుకు 140 మిల్లీగ్రాములు లేక అంతకు మించినచో మధుమేహమని నిర్ణయింతురు. లేనియెడల 24–28 వారముల మధ్య మరల పరీక్ష జరుగును. మధుమేహము కనబడినచో మొదట రెండు వారములు ఆహారనియమము, నడక. అప్పటికిని భోజనమైన రెండు గంటలకు 120 లేక అంతకు మించియుండినచో మందు ప్రారంభింతురు. ఆహారనియమమనగా ఉపవాసము కాదు. అన్నము మితముగా, పప్పు, కూరలు, మజ్జిగ సమృద్ధిగా, కొద్దికొద్దిగా పలుమార్లు భుజింపవలెను. రాగులు మంచివేయని పలుచని జావ గ్లాసులకొలది త్రాగుటయు తగదు. జావలోని పిండి త్వరగా చక్కెరగా మారును.

మెట్‌ఫార్మిన్ బిళ్ళల సంగతి వేరు. అది మావిని దాటును; ఈ మాట దాచనక్కరలేదు. ఆస్ట్రేలియా, న్యూజీలాండు దేశములలో 751మందిని పరిశీలించి 2008లో ప్రకటించిన ఫలితములలో, ఇన్సులిన్‌తో పోల్చగా శిశువులకు ఉపద్రవములు హెచ్చలేదు. అయినను, బిళ్ళలు వాడినవారిలో సగముమందికి కొంచెము తక్కువగా ఇన్సులిన్ కూడ చేర్చవలసివచ్చెను. మన నియమావళి ఈ బిళ్ళలను 20 వారములు నిండిన తరువాతనే అనుమతించినది.

కడుపుమీద సూది వేసుకొనినచో శిశువునకు గుచ్చుకొనునని కొందరి భయము. సూది చర్మము క్రింది క్రొవ్వును దాటిపోదు. మనసు ఒప్పనివారు తొడమీద వేసుకొనవచ్చును. నెలలు నిండుచుండగా మోతాదు పెంచుట రోగము ముదిరినదనుటకు గురుతు కాదు. మావి స్రావములు హెచ్చుటయే కారణము. నిజముగా జాగ్రత్తపడవలసినది సిరంజి విషయమున. సీసాపై 40 యని యున్నచో సిరంజిపైనను 40 యనియే యుండవలెను. వణకు, చెమట, విపరీతమైన ఆకలి కలిగినచో వెంటనే మూడు చెంచాల గ్లూకోజు నీటిలో కలిపి త్రాగి, పిమ్మట ఏదైన తినవలెను.

ఒకసారి మొదలుపెట్టిన సూది జీవితాంతము విడువదను మాట ఈ వ్యాధికి సాధారణముగా వర్తింపదు. మావి వెలువడిన పిమ్మట అడ్డంకి తొలగును. పెక్కుమందికి మందు నిలిపివేయుదురు. ప్రసవమైన గంటలోపుననే బిడ్డకు చనుబాలు పట్టవలెను. ఆరు వారములకు తల్లికి గ్లూకోజు పరీక్ష మరల చేయింపవలెను. పురుడు పోసుకొని పుట్టినింట నున్నవారు అచటి ఆరోగ్యకేంద్రముననే దీనిని చేయించుకొనవచ్చును.