ఇంటి ప్రింటరు – ఫోటో కాగితం : జోడు కుదిరేదెట్లా?

కాగితం పేరునే తన పేరుగా పెట్టుకున్న ఊరు మన ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలో ఒకటి కలదు. అదే కాగజ్‌నగర్. 1938లో స్థాపించిన సిర్పూర్ పేపర్ మిల్లు 1942లో ఉత్పత్తి ప్రారంభించింది. అంతకు ముందు కొత్తపేటగా ఉన్న ఊరు ఆ మిల్లు వల్లనే కాగజ్‌నగర్ అయింది. చుట్టుపక్కల అడవుల వెదురు అక్కడ గుజ్జుగా మారి, నోటు పుస్తకాలకూ అచ్చుపనికీ కాగితమై దేశమంతా వెళ్ళింది. 2014లో మూతపడిన ఆ మిల్లును 2018లో జె.కె. పేపర్ సంస్థ చేజిక్కించుకున్న తర్వాత మళ్ళీ యంత్రాలు తిరిగాయి. 2016 జిల్లాల విభజన తర్వాత ఆ ఊరు కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో ఉన్నది.

ఇటువంటి గడ్డ మీద పుట్టిన మనకు కాగితం కొత్త కాదు. అయినా దుకాణానికి పోయి "ఫోటో పేపర్ ఒక ప్యాకెట్ ఇవ్వండి" అని అడిగి, ఆయన ఏది చేతిలో పెడితే అది తెచ్చుకుంటాం. "ఏ సిరాకు?" అని ఆయనా అడగడు, మనమూ అడగం. ఆ ఒక్క ప్రశ్న ఎందుకు అడగాలో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశ్యం.

ఇది చిన్న విషయం కాదా అని కొందరు అనవచ్చును. మన ఇండ్లలో తాతలవి, నాయనమ్మలవి ఒక్కొక్క ఫోటోనే ఉంటుంది. అదీ ఏ పెండ్లి గ్రూపు ఫోటోలోనో, ఏ పాత దరఖాస్తు మీదనో. దాన్ని సెల్‌ఫోనుతో తీసి, పెద్దది చేసి, ఇంట్లోనే ప్రింటు వేసి, పటం కట్టించి గోడకు పెడతారు. రెండేండ్లు తిరగకముందే ముఖం నారింజ రంగుకు తిరుగుతుంది, లేదా వానకాలపు చెమ్మకు కండ్లు, మీసం అలుక్కుపోతాయి. నేరమంతా ప్రింటరు మీద వేస్తాం. నిజానికి చాలాసార్లు ప్రింటరూ మంచిదే, కాగితమూ మంచిదే. ఆ రెంటికీ జోడు కుదరలేదు, అంతే.

మామూలు కాగితం మీద బొమ్మ ఎందుకు నిలవదు?

ఇంక్‌జెట్ ప్రింటరు సిరాను అతి చిన్న బొట్లుగా చిమ్ముతుంది. కొన్ని కంపెనీల యంత్రాల్లో సిరాను క్షణకాలం వేడిచేసి, పుట్టిన ఆవిరి బుడగతో బొట్టును నెడతారు. మరికొన్నింటిలో విద్యుత్తు తగలగానే వంగే స్ఫటికం బొట్టును నెడుతుంది. ఏ పద్ధతి అయినా బొట్టు పరిమాణం కొద్ది పికోలీటర్లు మాత్రమే. పికోలీటరు అంటే లీటరులో లక్ష కోట్లవ వంతు. నాలుగు పికోలీటర్ల బొట్టును గోళంగా భావించి లెక్క కట్టి చూడండి, దాని వ్యాసం మిల్లీమీటరులో సుమారు 50వ వంతు వస్తుంది. కాగితంలోని సెల్యులోజు పోగు మందం కూడా ఇంచుమించు అంతే. కాబట్టి బొట్టు పడగానే, దీపం వత్తి నూనెను పీల్చినట్టు, పోగు దాన్ని పక్కకూ లోపలికీ లాగేస్తుంది. ఇది మనం భౌతికశాస్త్రంలో చదువుకున్న కేశనాళికీయతే. ఫలితంగా అంచులు చెదురుతాయి, రంగు లోపలికి దిగి పాలిపోతుంది.

దీనికి మందు మన నిర్మల్ బొమ్మల కళాకారులకు ఎప్పుడో తెలుసు. వారు పొనికి కర్రతో బొమ్మ చెక్కి, రంగును నేరుగా కర్ర మీద వేయరు. ముందు పూత పూసి, నునుపు చేసి, ఆ తర్వాతనే రంగు వేస్తారు. కర్ర రంగును తాగేయకుండా ఆ పూత కాపాడుతుంది. ఫోటో కాగితం కూడా అంతే. చరిత్రలోనూ ఇదే జరిగింది. 1850లో ఫ్రాన్సుకు చెందిన బ్లాంకార్ ఎవ్రార్ కాగితానికి కోడిగుడ్డు తెల్లసొన పూసి, బొమ్మ పోగుల్లోకి దిగకుండా పైనే నిలిచే పద్ధతి ప్రకటించాడు. ఆరవ నిజాం ఆస్థాన ఛాయాచిత్రకారుడైన రాజా దీన్ దయాళ్ కాలంలో అటువంటి కాగితమే విరివిగా వాడుకలో ఉండేది. నేటి ఫోటో కాగితంలో తెల్లసొనకు బదులు వేరే పూత వచ్చింది. సూత్రం మాత్రం మారలేదు.

కనుక ఫోటో కాగితం కొనడమంటే పూతను కొనడమే అని గుర్తుంచుకోవలెను.

సిరాలు రెండు జాతులు

ఒకటి డై సిరా. ఇందులో రంగు నీటిలో పూర్తిగా కరిగి ఉంటుంది. సిరిసిల్లలో నూలుకు అద్దకం వేసినప్పుడు రంగు దారంలోకి ఇంకినట్టు, ఇది పూతలోకి ఇంకుతుంది. రంగులు మెరుస్తాయి, ఫోటో కళగా ఉంటుంది. కాని నీళ్ళకూ, ఎండకూ, గాలిలోని ఓజోను వాయువుకూ తొందరగా లొంగుతుంది.

రెండవది పిగ్మెంటు సిరా. ఇందులో రంగు కరగదు, సన్నని రేణువులుగా తేలుతూ ఉంటుంది. గోడకు వేసిన సున్నంలాగా పైభాగాన పట్టుకొని నిలుస్తుంది. నీటికీ వెలుతురుకూ ఎక్కువగా తట్టుకుంటుంది. అయితే తగిన పూత దొరకకపోతే పైపైనే ఉండి, వేలితో రుద్దితే ఊడివస్తుంది.

ఇంట్లో వాడే ప్రింటర్లలో చాలావాటికి నలుపు పిగ్మెంటు, మిగిలిన రంగులు డై. కొన్నింటిలో అన్నీ డై, కొన్నింటిలో అన్నీ పిగ్మెంటు. మీది ఏదో తెలియకపోతే ప్రింటరుతో వచ్చిన పుస్తకం చూడండి. అది పోయిందా, ఒక ప్రయోగం చేయండి. మామూలు తెల్లకాగితం మీద నాలుగు రంగుల గీతలు ప్రింటు వేసి, ఒక రోజు ఆరనిచ్చి, ఒక్కొక్క గీత మీద ఒక నీటిచుక్క వేయండి. కరిగి పారింది డై, చెక్కుచెదరనిది పిగ్మెంటు.

కాగితాలు నాలుగు రకాలు

మొదటిది మ్యాట్ పూత కాగితం. మెరుపు ఉండదు. సన్నని సిలికా పొడి పూత ఉంటుంది. డై, పిగ్మెంటు రెంటికీ సర్దుకుపోతుంది. ప్రాజెక్టు రికార్డులకూ, చార్టులకూ చక్కగా ఉంటుంది.

రెండవది మన బజారులో ఎక్కువగా దొరికే చవక గ్లాసీ కాగితం. 130, 180, 230 జి.ఎస్.ఎం. అని ప్యాకెట్ మీద ఉంటుంది. మామూలు కాగితం మీదనే నేరుగా మెరుపు పూత పూసి తయారుచేస్తారు. డై సిరాకు బాగుంటుంది. అడుగున అడ్డుపొర లేనందున సిరా ఎక్కువైతే కాగితం అలలు తేలుతుంది, చెమ్మకు వంగుతుంది.

మూడవది రెసిన్ కోటెడ్ కాగితం, వాడుకలో ఆర్.సి. అంటారు. కాగితానికి రెండు వైపులా పాలిథిన్ పొర, దాని మీద సన్నని రంధ్రాల పూత. దీన్నే మైక్రోపోరస్ అంటారు. సిరా రంధ్రాల్లోకి దిగి క్షణాల్లో ఆరినట్టు కనిపిస్తుంది. స్టూడియో ఫోటో వంటి బిగువు దీనిదే. తగినదని ప్యాకెట్ మీద రాసి ఉంటే పిగ్మెంటుకూ పనికివస్తుంది.

నాలుగవది ఉబ్బే పూత కాగితం. జిలాటిన్ వంటి పదార్థపు పూత నీరు తగలగానే ఉబ్బి, డై సిరాను లోపల మూసుకుంటుంది. రంగు గాలికి తగలదు కనుక బాగా నిలుస్తుంది. ఆరడం మాత్రం ఆలస్యం, చెమ్మకు జిగురౌతుంది. పిగ్మెంటు రేణువులు ఇందులోకి దిగలేవు. ఈ రకం ఇప్పుడు అరుదుగా దొరుకుతుంది.

రెండవ రకానికీ మూడవ రకానికీ తేడా తెలుసుకోవడం సులభం. కాగితం వెనుక ఒక నీటిచుక్క వేయండి. పీల్చుకుంటే చవక గ్లాసీ. ముత్యంలా నిలిచి, తుడిస్తే పోతే ఆర్.సి.

జోడు కుదరకపోతే ఏమౌతుంది?

2000వ సంవత్సరంలో జరిగిన ఒక ఉదంతం ఈ విషయంలో పాఠం వంటిది. ఎప్సన్ కంపెనీ స్టైలస్ ఫోటో 870, 1270 అనే ప్రింటర్లు ఆ ఏడు విడుదలయ్యాయి. బొమ్మలు అద్భుతమని అందరూ మెచ్చుకున్నారు. కాని ఆ కంపెనీ గ్లాసీ కాగితం మీదనే వేసిన కొందరి ఫోటోలు కొద్ది వారాల్లోనే నారింజ రంగుకు తిరిగాయి. కారణం గాలిలోని ఓజోను. రంధ్రాల పూతలో డై రంగు గాలికి విప్పారి ఉంటుంది. అందులో నీలివర్ణపు డై ముందుగా నశించింది. నీలం పోతే మిగిలేవి ఎరుపు, పసుపు, అంటే నారింజ. అద్దం వెనుక పెట్టిన ఫోటోలు మాత్రం బాగానే నిలిచాయి. తర్వాతి కాలంలో సిరాలూ పూతలూ బాగుపడ్డాయి. అయినా డై సిరాతో రంధ్రాల కాగితం మీద వేసిన ఫోటోను వట్టిగా గోడకు అతికించరాదనే నీతి అట్లే ఉన్నది.

కనుక సూత్రం ఇది. డై సిరా అయితే గ్లాసీ, ఆర్.సి. ఏదైనా తీసుకొని, ఫోటోను అద్దం వెనుకనో ఆల్బంలోనో ఉంచండి. పిగ్మెంటు సిరా అయితే మ్యాట్, లేదా పిగ్మెంటుకు తగినదని రాసి ఉన్న ఆర్.సి. తీసుకోండి. నలుపు ఒక్కటే పిగ్మెంటు అయిన ప్రింటరుకు ఇంకొక మెలకువ కావాలి. ప్రింటు ఇచ్చే ముందు కంప్యూటరులో కాగితం రకం "గ్లాసీ ఫోటో" అని ఎంచుకుంటే, చాలా యంత్రాలు పిగ్మెంటు నలుపును పక్కనపెట్టి మిగతా మూడు రంగులను కలిపి నలుపు చేస్తాయి. "ప్లెయిన్" అని వదిలేస్తే నల్లసిరా మెరుపు పూత మీద నిలవక, చేయి తగలగానే అలుక్కుంటుంది. తాత మీసం అలుక్కుపోయేది ఇక్కడనే!

బరువు లెక్క

జి.ఎస్.ఎం. అంటే చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందో ఆ లెక్క. ఎ4 కాగితాలు 16 పరిస్తే ఒక చదరపు మీటరు. అంటే 180 జి.ఎస్.ఎం. కాగితాలు 16 కలిపి 180 గ్రాములు. జిరాక్స్ కాగితం 70 నుండి 80 వరకు ఉంటుంది. బరువెక్కువైతే ఫోటో నాణ్యత ఎక్కువ అనుకోవడం పొరపాటు. నాణ్యత పూతది, బరువు బిగువుది. పైగా కాగితం ముందు ట్రే నుండి పోయి లోపల వంపు తిరిగే ప్రింటరులో మరీ మందపు కాగితం ఇరుక్కుంటుంది. వెనుక నుండి తిన్నగా దిగే దానిలో అంత ఇబ్బంది ఉండదు. మీ ప్రింటరు ఎంత మందం వరకు తీసుకుంటుందో పుస్తకంలో చూసి కొనండి.

రెండు హెచ్చరికలు

ఇంక్‌జెట్ ఫోటో కాగితాన్ని జిరాక్స్ సెంటరులోని లేజర్ ప్రింటరులో ఎన్నడూ పెట్టించవద్దు. అక్కడ పొడిని కరిగించి అతికించే వేడి రోలరు ఉంటుంది. ఆ వేడికి పూతా, పాలిథినూ కరిగి రోలరుకు అంటుకుంటే ఆ దుకాణదారుకు పెద్ద నష్టం. రెండవది, పాత స్టూడియోల్లో మిగిలిన డార్క్‌రూం కాగితం ఎవరైనా ఇస్తే సంబరపడవద్దు. అది వెండి లవణాల పూత, వెలుతురుతో బొమ్మ పుట్టేది. సిరాతో దానికి పని లేదు.

మన వాతావరణం

ఈ విషయం విదేశీ ప్యాకెట్ల మీద ఉండదు. మే నెలలో రామగుండం ఎండ, మృగశిర తర్వాత ఆదిలాబాద్ వాన, రెండూ కాగితానికి శత్రువులే. విప్పిన ప్యాకెట్‌ను దాని సంచిలోనే మూసి, పుస్తకాల మధ్య చదునుగా పెట్టండి. పూత వైపు వేలు పెట్టవద్దు, చేతి చెమటకే మచ్చ పడుతుంది. పూత ఏ వైపో తెలియకపోతే, కొద్దిగా తడిచేసిన వేలిని ఒక మూలకు తాకించండి, అతుక్కునేదే పూత. ప్రింటు తీసిన వెంటనే పటం కట్టవద్దు. పైకి ఆరినట్టున్నా లోపల తేమ ఉంటుంది. ఒక రోజంతా నీడలో ఆరనిచ్చి, ఆ తర్వాత అద్దం బిగించండి. అద్దానికీ ఫోటోకూ మధ్య చుట్టూ సన్నని అట్ట పెడితే వానకాలంలో ఫోటో అద్దానికి అంటుకోదు. పటాన్ని ఎండ పడే గోడకు గాక ఎదురు గోడకు తగిలించండి.

పెద్ద ప్యాకెట్ కొనే ముందు చిన్న ప్యాకెట్ కొని పరీక్షించడం మంచిది. ఒకే ఫోటోను రెండు ప్రతులు తీయండి. ఒకటి కిటికీ దగ్గర, ఒకటి పుస్తకంలో నెల రోజులు ఉంచి పోల్చండి. ఆరు అంగుళాలు, నాలుగు అంగుళాల ఫోటోకు 1800, 1200 పిక్సెళ్ళు ఉంటే చాలు. అంతకన్నా తక్కువైతే ఏ కాగితమూ ముఖాన్ని తేటపరచలేదు.

ఇక చివరిమాట. ఎంత మంచి జోడు కుదిరినా ప్రింటు ప్రింటే, అది ఎప్పుడో ఒకప్పుడు వెలిసిపోయేదే. కాబట్టి సెల్‌ఫోనులో తీసిన ప్రతిని రెండు చోట్ల దాచండి. పాత అసలు ఫోటోను పారవేయక చీకటిలో, పొడిగా ఉంచండి. వచ్చే సెలవులకు ఊరికి పోయినప్పుడు ఇంట్లో గోడ మీది పటాన్ని ఒకసారి దించి చూడండి. అది వెలుస్తూ ఉంటే, మళ్ళీ తీయవలసిన సమయం వచ్చిందన్న మాట. ఆ మాట చెప్పగల పెద్దవాళ్ళు, ఫోటోలో ఉన్నది ఎవరో గుర్తుపట్టగల పెద్దవాళ్ళు ఇంకా ఇంట్లో ఉండగానే ఆ పని చేయండి. పేర్లు అడిగి ఫోటో వెనుక పెన్సిలుతో రాయడం మరువవద్దు.