ఫ్లోరోసిస్ - పటిక - చింతపండు

మందు అనగానే మనకు సీసాయో మాత్రయో గుర్తుకు వస్తుంది. మన నల్గొండ, మహబూబ్‌నగర్ పల్లెలను తరతరాలుగా పీడించిన ఒక వ్యాధికి మాత్రం శాస్త్రజ్ఞులు మందును రోగికి గాక బిందెలోని నీటికి ఇవ్వవలసి వచ్చింది. అదియే ఫ్లోరోసిస్. మేము తెలుగు బోధించేవారమే గాని రసాయన శాస్త్రజ్ఞులము కాము. అయినను మర్రిగూడ, మునుగోడు ప్రాంతాల పేర్లతో ముడిపడిన ఈ సంగతి ఇక్కడి విద్యార్థులకు తెలియకపోవడం తగదని తలచి, చదివి తెలుసుకున్నంత మేరకు వ్రాస్తున్నాము.

ఈ మెట్టసీమ గ్రానైటు శిలలపై ఉన్నది. ఆ శిలలలోని ఫ్లోరైడు భూగర్భజలంలో కరుగుతుంది. త్రాగేనీటిలో అది లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. మించినచో ముందుగా పిల్లల పళ్ళపై గోధుమరంగు చారలు కనబడతాయి. ఏండ్ల తరబడి త్రాగినవారిలో అది ఎముకలోని అపటైటు అనే ఖనిజంలో చేరి, అక్కడి హైడ్రాక్సిల్ స్థానాన్ని ఆక్రమిస్తుంది. వెన్నెముక బిగిసిపోతుంది, కీళ్ళు వంగవు. అట్లు వికృతి చెందిన ఎముకను తిరిగి పూర్వస్థితికి తేగల ఔషధం నేటికీ లేదు.

నల్గొండ జిల్లాలోని ఈ వ్యాధిని గురించి ఎ. హెచ్. సిద్దిఖీ గారు 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్యాసం ప్రకటించారు. 1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కృష్ణస్వామి గార్లు, మోకాళ్ళు లోపలికి వంగి పాదాలు ఎడమయ్యే వైకల్యాన్ని లాన్సెట్ పత్రికలో వర్ణించారు. జొన్న తినేవారి శరీరంలో ఫ్లోరైడు, అన్నం తినేవారిలో కంటె ఎక్కువగా నిలుస్తుందని కూడ ఆ సంస్థ పరిశోధనలో తేలినది. జొన్నరొట్టెతో పెరిగిన మాకు ఈ మాట చదివినప్పుడు మనస్సు చివుక్కుమన్నది. దోషం జొన్నది కాదు గదా, నీటిది!

ఆ నీటిని బాగుచేయుటకు 1970ల దశాబ్దంలో నాగపూరులోని నీరి సంస్థ ఒక పద్ధతిని రూపొందించి, దానికి మన జిల్లా పేరే పెట్టింది. పటిక, సున్నం, బ్లీచింగు పొడి నీటిలో కలిపి తిప్పితే అల్యూమినియం హైడ్రాక్సైడు తెట్టెలు ఏర్పడి, ఫ్లోరైడును పట్టుకొని అడుగుకు దిగుతాయి. పైనీటిని వడపోసుకోవాలి. టాంజానియా, ఇథియోపియా దేశాలలోను దీనిని ప్రయోగించి చూశారు. అయితే పాళ్ళు తప్పితే నీటిలో అల్యూమినియం మిగులుతుంది. అడుగున చేరిన మడ్డిని ఎక్కడ పారబోయాలన్నది మరొక చిక్కు.

ఇక శరీరంలో చేరినదాని మాట. పోషకాహార సంస్థవారే 2002లో ప్రకటించిన పరిశోధనలో 18 మంది బాలురకు 18 రోజులు, రోజుకు 10 గ్రాముల చొప్పున చింతపండు ఇచ్చారు. మూత్రంలో పోయే ఫ్లోరైడు రోజుకు 3.5 మిల్లీగ్రాముల నుండి 4.8కి పెరిగింది. మెగ్నీషియం, జింకు వంటి కావలసిన లోహాలు పోవడం మాత్రం తగ్గింది. మా ఇంటి ఖట్టీదాల్‌లోను, మీ ఇంటి పచ్చిపులుసులోను ఉండేది ఈ చింతపండే! అయినను పద్దెనిమిది రోజుల ప్రయోగాన్ని చూసి చికిత్స దొరికిందనుకోవడం తొందరపాటు. మూత్రంలో ఎక్కువగా పోవడం వేరు, బిగిసిన వెన్ను వదులు కావడం వేరు.

2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ ద్వారా ఈ గ్రామాలకు కృష్ణానీరు చేరింది. ఆ నీటితో పెరిగే పిల్లలకు పటిక బిందెతో పనిలేదు. బోరునీరు త్రాగి ఎదిగినవారి ఎముకలలోని ఫ్లోరైడు మాత్రం అక్కడనే ఉన్నది.