గ్లోబ్ ఓడ మన తీరానికి వచ్చిన కథ



సోషల్ పుస్తకంలో "ఫలానా నావికుడు ఫలానా దేశాన్ని కనుగొన్నాడు" అని చదువుతుంటాం. పరీక్షలో అట్లే రాస్తాం, మార్కులు వస్తాయి. కానీ ఆ నావికుడు రాకముందు అక్కడ మనుషులు లేరా? ఈ ప్రశ్నకు జవాబు మన తెలుగు తీరంలోనే దొరుకుతుంది.

మనలో చాలామంది సముద్రం చూడలేదు. కార్వేటినగరంలో మనకు తెలిసిన పెద్ద నీళ్ళు స్కందపుష్కరిణే. అయినా ఈ ఓడ కథ చివరికి మన ఊరిదాకా వస్తుంది. ఎట్లా వస్తుందో చూడండి.

ఓడ ప్రయాణం

ఇంగ్లండులో ఈస్టిండియా కంపెనీ 1600లో పుట్టింది. ఆ కంపెనీ 1611 మొదట్లో 'గ్లోబ్' అనే ఓడను పంపించింది. గ్లోబ్ అంటే భూగోళం. ఓడ కెప్టెన్ ఆంటొనీ హిప్పన్. వ్యాపారం చూసేవాళ్ళు పీటర్ ఫ్లోరిస్, లూకాస్ ఆంతెనిస్. వీళ్ళిద్దరూ అంతకుముందు డచ్చి కంపెనీలో పనిచేసినవాళ్ళు. కాబట్టి ఈ వైపు వ్యాపారం సంగతి వాళ్ళకు ముందే తెలుసు.

అప్పటికి సూయజ్ కాలువ లేదు. అది 1869లో తెరిచారు. అందుకని ఓడ ఆఫ్రికా ఖండం చుట్టూ తిరిగి రావాల్సి వచ్చింది. సుమారు ఏడు నెలల తర్వాత ఆగస్టులో పులికాటు చేరింది. ఆగస్టులోనే ఎందుకు? నైరుతి రుతుపవనాలు వీచేది అప్పుడే. తెరచాప ఓడకు గాలే ఇంజను. ఈ గాలుల సంగతి అరబ్బులకూ మన నావికులకూ వందల ఏళ్ళ ముందు నుంచే తెలుసు.

పులికాటులో వాళ్ళకు చుక్కెదురైంది. వెంకటపతి రాయల అనుమతి డచ్చివాళ్ళు అప్పటికే సంపాదించుకున్నారు. ఇంగ్లీషువాళ్ళను అక్కడ వ్యాపారం చేయనీయలేదు. ఓడ ఉత్తరానికి పోయి నిజాంపట్నంలోనూ, ఆ తర్వాత గోల్కొండ సుల్తాను ఏలుబడిలోని మచిలీపట్నంలోనూ ఆగింది. ఇంగ్లీషువాళ్ళు అక్కడ వర్తకశాల పెట్టుకున్నారు.

వాళ్ళకు కావలసింది ఏమిటి?

బంగారం కాదు, బట్ట! ఇంగ్లండు ఉన్నిబట్ట వేడి దేశాల్లో అమ్ముడుపోదు. మన నేతగాళ్ళ నూలుబట్టలకూ, అద్దకం బట్టలకూ తూర్పు దీవుల్లో మంచి గిరాకీ. ఇక్కడ బట్ట కొని, అక్కడ అమ్మి, మిరియాలు కొనుక్కుని పోవాలి. గ్లోబ్ 1612లో తూర్పుకు పోయింది. కెప్టెన్ హిప్పన్ ఆ ఏడే పటానీలో చనిపోయాడు. అది ఇప్పటి థాయిలాండులో ఉంది. ఓడ మాత్రం మళ్ళీ మన తీరానికి వచ్చి, 1615లో ఇంగ్లండు చేరింది.

ఒడ్డుకు చేర్చిందెవరు?

మచిలీపట్నం దగ్గర సముద్రం లోతు తక్కువ. పెద్ద ఓడలు దూరంగానే లంగరు వేయాలి. మనుషులూ సరుకులూ ఒడ్డుకు రావాలంటే మనవాళ్ళ పడవలే దిక్కు. అలలు బాగా కొట్టే ఈ తీరంలో 'మసూలా' పడవలు వాడేవాళ్ళు. వాటి పలకలకు మేకులు కొట్టరు, కొబ్బరిపీచు తాడుతో కుడతారు. అల వచ్చి కొడితే పడవ వంగుతుందే గాని పగలదు. ఎంత తెలివో చూడండి! కెప్టెన్ పేరు పుస్తకాలకెక్కింది. పడవ కుట్టినవాడి పేరు, తెడ్డు వేసినవాడి పేరు ఎవరూ రాయలేదు.

మన ఊరిదాకా ఎట్లా వచ్చింది?

ఇంగ్లీషువాళ్ళు 1626లో పులికాటుకు ఉత్తరాన దుగరాజపట్నంలో స్థావరం పెట్టుకున్నారు. దాన్ని ఆర్మగాం అనేవాళ్ళు. 1639లో ఫ్రాన్సిస్ డే, చంద్రగిరి రాయల కింద నాయకుడైన దామెర్ల వెంకటాద్రి దగ్గర చెన్నపట్నంలో స్థలం సంపాదించాడు. అక్కడ కోట లేచింది. కోటలోకి సిపాయిలు వచ్చారు. ఆ తర్వాత యుద్ధాలు, అప్పులు. 1801లో ఆర్కాటు నవాబు పరిపాలన మొత్తం కంపెనీకి వదిలేశాడు. మన చిత్తూరు సీమ కంపెనీ చేతికి పోయింది. బట్ట కొనడానికి వచ్చినవాళ్ళు 190 ఏళ్ళకు దొరలయ్యారు!

మనం నేర్చుకోవలసింది

హిప్పన్ బృందం ధైర్యం తక్కువేమీ కాదు. అంత దూరం చెక్క ఓడలో రావడం మాటలా? ఆ ధైర్యాన్ని మెచ్చుకుందాం. కానీ వాళ్ళు మన తీరాన్ని 'కనుగొనలేదు', వెతుక్కుంటూ వచ్చారు, అంతే. రేవు ముందే ఉంది, బట్ట ముందే ఉంది, దారి తెలిసినవాళ్ళూ ముందే ఉన్నారు.

మన పెద్దవాళ్ళకూ చెట్టు, గుట్ట, చేప, తేనె గురించి ఎంతో తెలుసు. అదీ ఏ పుస్తకంలోనూ లేదు. రాయకపోతే పడవవాళ్ళ పేర్లలాగే అదీ పోతుంది.

ఆలోచించండి:

1. గ్లోబ్ ఓడ ఆగస్టులోనే ఎందుకు వచ్చింది?
2. మసూలా పడవకు మేకులు ఎందుకు కొట్టరు?
3. సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు అవ్వనో తాతనో అడిగి, వాళ్ళకు తెలిసిన ఒక్క పని రాసుకుని రండి. కింద వాళ్ళ పేరు రాయడం మరిచిపోవద్దు.