నులిపురుగుల సభకు పోవు త్రోవ

కోయిలకుంట్ల బడులలో ఏటేట ఫిబ్రవరి, ఆగస్టు మాసములందు పిల్లలను వరుసగా నిలువబెట్టి నులిపురుగుల మాత్ర నమిలించెడి దినములు కలవు. ఆ జాతిని నిర్మూలింపవలెనని మాత్రమే మన మెఱుగుదుము. కాని అదే జాతికి చెందియు మనుష్యుని జోలికి రాక, కుళ్ళిన పండ్ల నడుమ బ్రదికెడి మిల్లీమీటరు పొడవు పురుగు నొకదానిని జీవితమంతయు సూక్ష్మదర్శిని క్రింద పరిశీలించుచు, అప్పుడప్పుడొకచోట గుమిగూడి దానిని గూర్చియే వాదించుకొనెడి విద్వాంసులున్నారనిన మన తల్లిదండ్రులకు నవ్వు వచ్చును. కూతును వెంటబెట్టుకొని నాయొద్దకు వచ్చిన శనగరైతునకును వచ్చినది.

ఆ బాలికకు వైద్యవిద్యా ప్రవేశపరీక్ష నీట్ కొఱకు ఏడాది శిక్షణలు, అనగా లాంగ్‌టర్ములు, రెండు ముగిసినవి. సీటు రాలేదు. "ఇంగొక్క సమ్మచ్చరం ఏపిస్తే వస్తాదంటాండారు సార్. బైపీసీ సదివి డాక్టరు గాకుంటే ఇంగేముంది?" అని తండ్రి యడిగెను. బాలిక నేలచూపులు చూచుచుండెను. ఇంటరులో నీకు నచ్చినదేమని నేనడుగగా, ప్రయోగశాలలో ఏలికపాము అడ్డుకోత స్లైడొకటి యుండెననియు, దాని మూల పగిలియుండుటచే రికార్డులో బొమ్మను మూడు మార్లు దిద్దవలసి వచ్చెననియు, మూడు మార్లును విసుగు పుట్టలేదనియు చెప్పినది. ఇన్నేండ్లలో ఆమెను ఈ ప్రశ్న అడిగినవారు లేరట.

నేను చెప్పిన పురుగు పేరు సీ. ఎలిగాన్స్. 1963లో సిడ్నీ బ్రెన్నర్ దీనిని పరిశోధనకు ప్రతిపాదించెను. దేహము గాజువలె పారదర్శకము. ఎదిగిన పురుగున దేహకణములు 959, అందు నాడీకణములు 302. అండము మొదలుకొని ఏ కణమునుండి ఏ కణము పుట్టినదో వంశవృక్షము వ్రాసియుంచినారు. ఆయువు రెండు మూడు వారములే గనుక, మనుష్యునియందు ఎనుబదేండ్లు కనిపెట్టి చూడవలసిన వార్ధక్యము ఇచట దసరా సెలవులకు కొంచెము మించిన కాలములో ఆద్యంతము కనబడును. 1993లో సింథియా కెన్యన్ బృందము డాఫ్-2 అను ఒక్క జన్యువునందు మార్పు గల పురుగులు రెండింతలకు మించి జీవించుట చూపినది. ఆ జన్యువు మన యిన్సులిన్ గ్రాహకమునకు దాయాది. ఈ పురుగుపై పనికి 2002, 2006, 2008, 2024 సంవత్సరములలో నోబెల్ బహుమానములు వచ్చినవి.

ఈ పరిశోధకుల సభాసంప్రదాయము నాకు మిక్కిలి ప్రియమైనది. 1975 నుండియే వీరు అచ్చుకాని ఫలితములను సైతము ఒకరికొకరు తెలుపుకొనుటకు ఒక చిన్న గెజిట్ నడపిరి. ఒకరు పెంచిన పురుగుల వంగడమును మఱియొకరికి టపాలో పంపుట వీరికి నిత్యకృత్యము. అంతర్జాతీయ సభ కాక, బోస్టన్ వంటి చోట్ల ఆ ప్రాంతపు ప్రయోగశాలలవారే కలిసికొనెడి సభలు, మాడిసన్ పట్టణమున వార్ధక్యము ప్రధానాంశముగా జరిగెడి సభలు కలవు. పరిశోధనలో తొలియేడు గడవని విద్యార్థి తన పోస్టరు ప్రక్క నిలిచి, పేరుమోసిన ఆచార్యుడు "నీ లెక్క తప్పు" అనగా "కాదు, చూడుడు" అని యనగలిగెడి తావది. మన దేశమున ఢిల్లీ జాతీయ రోగనిరోధక శాస్త్ర సంస్థ, ముంబయి టాటా మౌలిక పరిశోధనా సంస్థలందు ఈ పురుగుపై పని జరుగుచున్నది.

ఇక లాంగ్‌టర్మ్ సంగతి. ఒక్కయేడు మఱల వ్రాయుట తప్పు కాదు. రెండవదానికి మాత్రము బలమైన కారణము కావలెను. మూడవది బిడ్డ కొఱకు కాదు, బంధువులయెదుట తలయెత్తుకొనుట కొఱకు. హాస్టలు గదిలో తెల్లవాఱుజామున లేచి అవే ప్రశ్నలను నాలుగవమారు దిద్దెడి పిల్లకు జీవశాస్త్రముపై మిగిలెడి ప్రేమ యెంత? ఫీజులకై శనగలు గోదాములోనుండగానే అప్పు చేసిన యిండ్లు నేనెఱుగుదును.

అట్లని వేఱొక గుంతలో పడరాదు. దీర్ఘాయువు రహస్యములు రేపటి వ్యాపారమని చెప్పి, లక్షలు గుంజి బయోటెక్నాలజీ పట్టా చేతబెట్టెడి కొన్ని ప్రైవేటు విద్యాలయముల ప్రయోగశాలలలో సూక్ష్మదర్శినులపై దుప్పటి తీయరు. "అంతర్జాతీయ సదస్సు" అను పేర రుసుము తీసికొని, శాలువ, భోజనము, సర్టిఫికెటు ముట్టజెప్పి సాయంత్రమునకు ముగిసెడి తంతులును అట్టివే. నా గుఱుతు ఒక్కటే: ప్రశ్న వేయువాడు లేని చోట రుసుము కట్టకుము.

ఇంటరు సైన్సులో 60 శాతము మార్కులతో ఐసర్ అను కేంద్ర విజ్ఞానవిద్యా పరిశోధనా సంస్థల ప్రవేశపరీక్ష వ్రాయవచ్చును. తిరుపతిలోనే ఐసర్ కలదు. అది రానిచో నంద్యాలలో బి.ఎస్సీ. చదివి, వేసవిలో సైన్సు అకాడమీల రెండు నెలల ఫెలోషిప్పునకు దరఖాస్తు చేయుట నాకు లాంగ్‌టర్మ్ కంటె వేయిరెట్లు మేలుగా దోచును. ఎమ్మెస్సీ పిదప నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్ అను పరిశోధనా వేతనము వచ్చినచో నెలకు 37,000 రూపాయలు చేతికందును. కాని పీహెచ్‌డీకి అయిదాఱేండ్లు పట్టును, ముప్పదేండ్లు దాటినను స్థిరోద్యోగము దొరకకపోవచ్చును. ఇది దాచి పంపుట మోసము.

నులిపురుగుల జాతిదే యైన బోదకాలు పురుగునకు హెట్రజాన్ మందు వెలువడినది మన యెల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వముననే గదా యని తండ్రికి గుఱుతు చేసితిని. ఆయన మెట్రిక్ మూడవమారు గట్టెక్కినారని చెప్పగనే, "సూడండి, మూడోసారి!" అని రైతు ఉత్సాహపడెను. మదరాసులో ఆయనకు లభించినది ఎం.బి.బి.ఎస్. కాదు, అంతకు తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టా మాత్రమేయని కూడ చెప్పవలసి వచ్చినది.

అంతసేపు మాటాడని బాలిక, పురుగు చచ్చినదని యెట్లు తెలియునని యడిగినది. ప్లాటినము తీగ కొనతో మెల్లగా తాకుదురు, కదలినచో మరునాటికి వదలుదురు, కదలనిచో ఆనాటి లెక్కలో వ్రాయుదురు అంటిని.

"ఒక్కసారే తాకుతారా సార్, ఇంకోసారి సూస్తారా?" అనినది.